చింతపిక్కలతో ముగ్గు పెట్టి చూడండి

చిరంజీవులైన పిల్లలకు,

అమ్మమ్మ ఆశీస్సులు. మొన్న ఫోన్లో లెక్కల పరీక్ష అంటేనే టెన్షన్‌గా ఉందన్నారు. అప్పటినుంచీ నా మనసంతా మీ దగ్గరే ఉంది. ఈ ఉత్తరం చదివేటప్పుడు పెన్ను అక్కర్లేదు, పక్కన దోసెడు చింతపిక్కలు పెట్టుకోండి. అవి దొరక్కపోతే శనగలైనా సరే.

ముందు ఏడు చుక్కల ముగ్గు. మధ్య వరసలో 7 పిక్కలు పెట్టండి. దాని పైన, సందుకొకటి చొప్పున 6. ఆపైన 5, అలా 1 వరకూ. కింది వైపూ అంతే. దీన్నే సందు చుక్క అంటాం. ఇప్పుడు మొత్తం లెక్కపెట్టండి. 49 వస్తాయి. 7ని 7తో హెచ్చిస్తే వచ్చేదీ 49 కదా! ఎలా కుదిరింది?

తల కాస్త పక్కకి వంచి ఏటవాలుగా చూడండి. ఏటవాలు వరసలు ఏడు, ఒక్కోదాంట్లో ఏడే పిక్కలు. వేలితో తడిమి చూసుకోండి. మరి ఎనిమిది చుక్కల ముగ్గు కావాలంటే? పక్కపక్కనున్న రెండు అంచుల వెంట ఏడేసి, అవి కలిసే మూలలో ఇంకొకటి. అంటే 15 చేర్చాలి, 64 అవుతాయి. పెద్దాడా, నువ్వు ఒక్క పిక్కతో మొదలుపెట్టి పెంచుకుంటూ రా. 3, 5, 7, 9 ఇలా చేరుతూ ఉంటాయి. 1 నుంచి వరసగా బేసి సంఖ్యలను కూడితే వర్గమే ఎందుకొస్తుందో నీ చేతికే తెలుస్తుంది. నేను ఎన్నో ఏళ్లు ఈ ముగ్గు పెట్టాను గానీ, చిన్నప్పుడు ఇది చూపించినవాళ్లు లేరు. అందుకే మీకు చెప్పాలని ఇంత ఆరాటం.

చిన్నమ్మలూ, నువ్వు 12 పిక్కలు తీసుకో. రెండు వరసల్లో ఆరేసి, మూడు వరసల్లో నాలుగేసి పేర్చొచ్చు. ఇంకొకటి కలిపి 13 చెయ్యి. ఒక్క పొడుగాటి వరస తప్ప సమానంగా ఇంకెలా పేర్చినా కుదరదు. ప్రధాన సంఖ్య అంటే అదేనమ్మా.

తర్వాత గాజు, పళ్లెం, డబ్బా మూత తెచ్చుకోండి. అంచు చుట్టూ దారం చుట్టి కత్తిరించి, దాన్ని సరిగ్గా మధ్యగుండా అడ్డంగా పరిచి కొలవండి. మూడుసార్లు పట్టి కాస్త మిగులుతుంది. చిన్న గాజుకీ, పెద్ద పళ్లేనికీ అంతే. ఆ కాస్త ఎంతో ఆర్యభటుడు క్రీ.శ. 499లోనే చెప్పాడు. వ్యాసం 20,000 అయితే చుట్టుకొలత 62,832. భాగిస్తే 3.1416. ఇది ‘ఆసన్నం’, అంటే దగ్గరి విలువ మాత్రమేనని కూడా ఆయనే అన్నాడు. ఆ మాట చదివాక ఆయన మీద నాకు గౌరవం ఇంకా పెరిగింది. కాబట్టి మీకు 3.2 వచ్చిందనుకోండి, జవాబు తెలుసు కదా అని అంకె దిద్దకండి. సన్నటి దారంతో మళ్లీ కొలవండి.

ఇంకొక్కటి మీకే వదిలేస్తున్నాను. మధ్యలో 7, పైనా కిందా 5, 3, 1 ఎదురు చుక్కలు, అంటే సందులో కాకుండా చుక్కకి ఎదురుగా చుక్క, పెడితే 25 వస్తాయి. ఆ 25లో ఒక 16, ఒక 9 రెండు చదరాలుగా దాక్కుని ఉన్నాయి. చింతపిక్కలూ శనగలూ కలిపి పేర్చి, అవెక్కడున్నాయో కనిపెట్టండి. సెలవులకి వచ్చినప్పుడు మన వాకిట్లో నాకు చూపించాలి.

మీ అమ్మమ్మ