బెరడు చెక్కితే వేళ్లొచ్చే కొమ్మ: క్రోటన్ గాలి అంటు కథ

విశాఖ సీతమ్మధార నుంచి ఒకావిడ పంపిన ప్రశ్న ఇది: "పక్కింటివాళ్ల క్రోటన్ కొమ్మ ఒకటి అడిగి తెచ్చుకుని సీసాలో నీళ్లు పోసి పెట్టాను. కొద్దిరోజులకే ఆకులన్నీ రాలిపోయి పుల్ల మిగిలింది. నర్సరీలో చూస్తే, కొమ్మ చెట్టు మీద ఉండగానే చుట్టూ బెరడు చెక్కేసి మూట కట్టారు. అది నిక్షేపంలా ఉంది. బెరడు తీసేస్తే కొమ్మ ఎండిపోవాలి కదండీ?"

కొమ్మ చెట్టు మీద ఉండగానే ఇలా వేళ్లు రప్పించడాన్ని గాలి అంటు అంటారు. ఎండిపోవాలి కదా అన్న ఆ అనుమానం అసలైన సైన్సు ప్రశ్న. క్రోటన్‌కి ఎన్ని నీళ్లు పొయ్యాలి, ఏ కుండీ కొనాలి, ఎరువు ఎన్నాళ్లకోసారి వెయ్యాలి లాంటివి మొక్కలమ్మే కుర్రాడిని అడిగినా చెప్తాడు. నీళ్లు నిలవని మట్టి, రోజుకి మూడు నాలుగు గంటల ఎండ ఉంటే చాలు. ఈ మొక్క శాస్త్రీయనామం కోడియేయం వేరిగేటమ్. ఇండోనేసియాలోని మలుకు దీవులు, న్యూగినీ, ఆస్ట్రేలియా ఈశాన్య తీరం, ఇవన్నీ దాని సొంత ఊళ్లు. మనల్ని కాల్చుకు తినే విశాఖ ఉక్కపోత దానికి ఒంటికి పడుతుంది. బీచ్ రోడ్డు వైపు మేడ మీద పెంచేవాళ్లు మాత్రం సముద్రపు గాలి సూటిగా కొట్టని మూల చూసుకోవాలి, ఉప్పు తుంపర పడితే ఆకు అంచులు మాడతాయి. పెంపకం గురించి ఇంతకంటే చెప్పేందుకు నాకు ఓపిక లేదు. బెరడు సంగతికి వద్దాం.

మొక్క కాండంలో సరఫరా దార్లు రెండు. లోపలి చెక్కలో ఉండే దారువు వేళ్ల నుంచి నీళ్లని, లవణాలని పైకి పంపుతుంది. బెరడులో ఉండే పోషక కణజాలం ఆకుల్లో తయారైన చక్కెరని కిందికి దింపుతుంది. ఈ రెండు ముక్కలూ బడిలో అందరం బట్టీ పట్టినవే. బొమ్మ గీసి, బాణం గుర్తులు పెట్టి, మార్కులు కూడా తెచ్చుకున్నాం. కానీ బడి ఆవరణలోనే ఉన్న క్రోటన్ కొమ్మకి బెరడు తీసి, నెల తర్వాత ఏమైందో చూడండర్రా అన్న మాస్టారు ఎంతమందికి దొరికారు? బొమ్మ గీయడానికి పట్టేంత సేపట్లో అయిపోయే ప్రయోగం అది.

విశాఖవాళ్లకి దీన్ని విప్పి చెప్పడం తేలిక. ఛత్తీస్‌గఢ్‌లోని బైలదిల్లా గనుల ఇనుప ఖనిజం అరకు మీదుగా వచ్చే కిరండూల్ రైలు లైనులో కొండలు దిగి మన ఓడరేవుకి చేరుతుంది. అరకు వెళ్లే ఘాట్ రోడ్డు వేరే ఉంది. వానాకాలంలో కొండచరియ విరిగి పట్టాల మీద పడింది అనుకోండి. దిగాల్సిన గూడ్సు బళ్లన్నీ పై స్టేషన్లలోనే నిలిచిపోతాయి. రోడ్డు మాత్రం బాగుంటే కింద నుంచి బియ్యం, కూరలు ఎప్పటిలాగే పైకి వెళ్తాయి, అరకులో ఎవరూ పస్తులుండరు. కొమ్మకి బెరడు వలయం తీయడమంటే పట్టాలు మాత్రమే తెంపడం. నీళ్లు వెళ్లే రోడ్డు చెక్కలో ఉంది, దాన్ని మనం ముట్టుకోలేదు. కాబట్టి ఆకులు వాడవు. సీసాలో పెట్టిన కొమ్మకి రోడ్డూ లేదు, రైలూ లేదు. మొదలు నీళ్లలోనే ఉన్నా, కోసిన చోట కారిన పాలు గడ్డకట్టి గొట్టాల నోళ్లు పూడుకుపోతాయి. పైన వెడల్పాటి ఆకులేమో ఆవిరి వదులుతూనే ఉంటాయి. ఖర్చు తగ్గించుకోడానికి మొక్క ఆకుల్ని రాల్చేస్తుంది.

ఈ పోలికని ఇంకా లాగొచ్చు, లాగుతాను. పైన ఎన్ని గనులు పనిచేస్తుంటే అంత సరుకు పేరుకుంటుంది. అందుకే మూట కట్టే చోటికి పైన ఆకులు దండిగా ఉన్న కొమ్మనే ఎంచుకోవాలి. బోసి కొమ్మకి కడితే పేరుకోడానికి ఏమీ ఉండదు. ఇంకో సంగతి, లైను తెగితే మరమ్మతు చేసే గ్యాంగ్ ఉంటుంది కదా. మొక్కలో ఆ గ్యాంగ్ పేరు కేంబియం. బెరడు ఊడదీశాక చెక్క మీద జారుగా, తడిగా చేతికి తగిలే పలచని పొర అది. దాన్ని వదిలేస్తే కొత్త కణాలు పుట్టించి, తెగిన బెరడు కొసల్ని మళ్లీ కలిపేస్తుంది. సరుకు కిందికి దిగిపోతుంది, వేళ్లు రావు. "ఎన్ని సార్లు కట్టినా రాలేదండీ" అనేవాళ్లలో చాలామంది చేసే పొరపాటు ఇదే. చాకు వీపుతో ఆ జారుడు పోయేదాకా గీకాలి. వలయం కూడా రెండు మూడు సెంటీమీటర్ల వెడల్పు ఉండాలి, సన్నగా తీస్తే గ్యాంగ్ ఎలాగోలా వంతెన వేసేస్తుంది.

పోలిక ఇక్కడితో ఆగిపోతుంది. నిలిచిన ఖనిజం వ్యాగన్లలో ఊరికే పడి ఉంటుంది. మొక్క అలా ఊరుకోదు. కింద రేవుకి దారి లేదని తెలిశాక అరకులోనే రేవు కట్టేసుకుంటుంది. ఆ రేవే కొత్తగా పుట్టే వేరు.

కట్టమని చెప్పేదెవరు? చక్కెరతోపాటు పైనుంచి దిగే ఇంకో సరుకు, ఆక్సిన్ అనే హార్మోన్. లేత చిగుళ్లలో తయారై గంటకి సుమారు ఒక సెంటీమీటరు చొప్పున కిందికి నడుస్తుంది. దీని నడక నాకు మొత్తం వృక్షశాస్త్రంలోనే ఇష్టమైన విషయం, కాస్త ఓపిక పట్టండి. ఆక్సిన్ ఒక బలహీనమైన ఆమ్లం. కణం గోడలో పీహెచ్ (ఆమ్లగుణాన్ని కొలిచే అంకె, తగ్గేకొద్దీ ఆమ్లం ఎక్కువ) 5.5 దగ్గర ఉంటుంది. అక్కడ నూటికి 15 ఆక్సిన్ అణువులు విద్యుదావేశం లేకుండా ఉంటాయి. ఆవేశం లేని అణువు కణపు పొరలోంచి సులువుగా లోపలికి దూరిపోతుంది. లోపల పీహెచ్ 7కి అటూ ఇటూ. అక్కడ అడుగుపెట్టగానే నూటికి 99కి పైగా అణువులు ప్రోటాన్ పోగొట్టుకుని రుణావేశం తెచ్చుకుంటాయి. ఆవేశం ఉన్న అణువు పొరని దాటలేదు, లోపలే చిక్కుకుంటుంది. బయటికి పోవాలంటే పిన్ అనే ప్రోటీన్లే గతి. కాండంలో ఆక్సిన్ దిగే దారిలోని కణాలకి ఆ పిన్‌లు ఎక్కువగా అడుగువైపే ఉంటాయి. ఎక్కడి నుంచైనా లోపలికి రావచ్చు, పోవడం మాత్రం కిందికే! ఇలా కణం తర్వాత కణం దిగుతూ వచ్చి, మనం తెంపిన చోట గట్టు దగ్గర పేరుకుంటుంది. ఆ గాఢతకి అక్కడి కణాలు తమ పాత పని మానేసి విభజన మొదలుపెడతాయి. ముందు తెల్లటి ఉబ్బు, ఆ తర్వాత వేరు మొగ్గలు. అందుకే వేళ్లు ఎప్పుడూ వలయానికి పై అంచునే వస్తాయి, కింది అంచున రావు. నర్సరీకి వెళ్తే ఒక మూట విప్పించి చూడండి.

బెరడు వలయం తీస్తే పై అంచు ఉబ్బుతుందని ఇటలీలో మాల్పీఘీ అనే శాస్త్రవేత్త 1670ల్లోనే గమనించాడు. విల్లో కొమ్మల్ని తలకిందులుగా వేలాడదీసినా, వేళ్లు పాత అడుగు వైపు నుంచే వస్తాయని జర్మనీలో ఫోఖ్టింగ్ అనే వృక్షశాస్త్రవేత్త 1878లో చూపించాడు. కొమ్మ తన పైకిందుల్ని మర్చిపోదు. పిన్‌ల దిక్కు మారదు కాబట్టి అని ఇప్పుడు చెప్పగలుగుతున్నాం. ఆక్సిన్ కణంలోకి దూరి ఆవేశం తెచ్చుకుని వలలో పడ్డట్టు చిక్కుకుంటుందన్న ఊహని 1974లో ప్రకటించిన ఇద్దరిలో ఒకాయన రూపర్ట్ షెల్డ్రేక్. ఆయన అదే ఏడు హైదరాబాద్ పక్కన పటాన్‌చెరులోని ఇక్రిశాట్ అనే అంతర్జాతీయ పంటల పరిశోధన సంస్థలో ఉద్యోగానికి వచ్చి కందిపంట మీద పనిచేశాడు. తర్వాత్తర్వాత ప్రకృతికి జ్ఞాపకశక్తి ఉందనీ, టెలిపతీ నిజమనీ వాదించడం మొదలుపెట్టాడు. శాస్త్రవేత్తల్లో అత్యధికులు వాటిని తోసిపుచ్చారు. ఆక్సిన్ ఊహ మాత్రం ప్రయోగాలకి నిలబడింది. ఒకే మనిషి చెప్పిన రెండు మాటల్లో ఒకటి నిలిచి ఒకటి కూలడం పిల్లలకి చెప్పాల్సిన పాఠమని నా అభిప్రాయం. ఎవరు చెప్పారన్నది సైన్సుకి సాక్ష్యం కాదు.

ఇక పని. జులై, ఆగస్టుల్లో, గాలిలో తేమ దండిగా ఉన్నప్పుడు మొదలుపెట్టండి. పెన్సిలంత లావు కొమ్మ, చివరి నుంచి అడుగు కిందికి, కణుపుకి కాస్త దిగువన చాకుతో రెండు గాట్లు చుట్టూ పెట్టి, మధ్య బెరడుని నిలువుగా చీల్చి ఊడదీయండి. పాలు కారతాయి. ఆముదం, జెముడు, కర్రపెండలం, రబ్బరు చెట్టు కుటుంబమే ఇది. ఆ పాలు కొంతమందికి చర్మం మీద దురద, దద్దుర్లు తెప్పిస్తాయి, కంట్లో పడితే మంట. చేతులకి తొడుగు వేసుకోండి, పిల్లల్ని దూరంగా ఉంచండి. తడిగుడ్డతో తుడిచి, గీకి, పై అంచుకి వేళ్ల హార్మోన్ పొడి రాయండి. ఆ పొడిలో ఉండేది ఇండోల్ బ్యుటిరిక్ ఆమ్లం, ఆక్సిన్‌కి దగ్గరి చుట్టం, సహజ ఆక్సిన్ కన్నా నిలకడైనది. క్రోటన్‌కి అది లేకపోయినా పని జరుగుతుంది, ఉంటే తొందరగా జరుగుతుంది. నానబెట్టిన కొబ్బరిపొట్టుని గుప్పిట్లో గట్టిగా పిండి (చుక్కలు కారకూడదు, చెయ్యి మాత్రం తడవాలి), ఆ ముద్దని వలయం చుట్టూ అద్ది, పారదర్శకంగా ఉన్న పాలిథిన్ కవరు చుట్టి రెండు కొసలా బిగించండి. ఎండ తగిలే చోటైతే పైన కాగితం చుట్టాలి. నెల, నెలన్నరలో కవరు లోపలి గోడకి తెల్లటి వేళ్లు అతుక్కుని కనబడతాయి. వాటిని చూడగానే కోసెయ్యకండి. తెలుపు పోయి గోధుమరంగుకి తిరుగుతూ, పిల్లవేళ్లు వేసేదాకా ఆగండి. అప్పుడు మూటకి కింద కోసి, కవరు తీసి, ముద్ద చెదరకుండా కుండీలో పెట్టి రెండు వారాలు నీడన ఉంచాలి.

యూట్యూబులో హార్మోన్‌కి బదులు దాల్చినచెక్క పొడి రాయమంటారు. దాల్చినచెక్క బూజుని ఆపుతుంది, అంతవరకు మంచిదే. వేళ్లు పుట్టించే హార్మోన్ మాత్రం కాదు. పాలు కారే మొక్క ఇంట్లో ఉంటే అరిష్టమని వాస్తు చెప్పేవాళ్లు అంటారు. దద్దుర్ల సంగతి తెలిసిన పెద్దలెవరో పిల్లల్ని దూరంగా ఉంచడానికి అన్నమాట అయ్యుండొచ్చని నా ఊహ. భయం మిగిలింది, కారణం ఎగిరిపోయింది. ఇంకోటి, దొంగిలించి తెచ్చిన మొక్కే బాగా బతుకుతుందన్న నమ్మకం. దీన్ని మాత్రం నేను కొట్టిపారెయ్యను. దొంగతనానికి వెళ్లినవాడు మూడడుగుల కొమ్మ విరవడు, జేబులో పట్టే జానెడు చివరే గిల్లుతాడు. లేత చివర్లోనే ఆక్సిన్ ఎక్కువ, ఆకులు తక్కువ, ఆవిరి ఖర్చూ తక్కువ. అడిగి తీసుకున్న జానెడు కొమ్మ కూడా అంతే బాగా బతుకుతుంది, అడగండి. కొసన రెండు మూడు ఆకులు ఉంచి కింది ఆకులన్నీ తీసేసి, ఉన్నవాటిని సగానికి కత్తిరించి, కొబ్బరిపొట్టులో గుచ్చి, పైన పాలిథిన్ కవరు గుడారంలా వేస్తే చాలామటుకు నిలబడుతుంది.

ఇంత తంటా ఎందుకు, గింజ వేస్తే పోలేదా? క్రోటన్‌కి పూలూ గింజలూ వస్తాయి. మగపూలూ ఆడపూలూ వేర్వేరు కంకుల మీద పూస్తాయి, మొలకల్లో ఏ ఒక్కటీ తల్లిలా ఉంటుందన్న హామీ లేదు. పెట్రా, మామీ, గోల్డ్ డస్ట్ లాంటి రకాల రంగులు యథాతథంగా కావాలంటే కొమ్మ నుంచే మొక్క రావాలి. ఒక్కోసారి ఒకే మొక్క మీద ఒక కొమ్మ మాత్రం వేరే రంగు ఆకులు వేస్తుంది, చిగురు కణంలో జరిగిన మార్పు అది. నచ్చితే ఆ కొమ్మకే అంటు కట్టుకోవచ్చు. నీడలో ఆకుపచ్చబడటం మాత్రం వేరే కథ. ఎరుపునిచ్చే ఆంథోసయనిన్ బాగా తయారవడానికి వెలుతురు కావాలి, అది చాలని హాల్లో పెడితే కొత్త ఆకులు పచ్చగానే వస్తాయి. మళ్లీ ఎండకి మార్చేటప్పుడు మెల్లగా మార్చాలి.

ఒంటి ఆకుని కాడతో సహా గుచ్చితే? వేళ్లొస్తాయి, ఆకు నెలల తరబడి తాజాగా ఉంటుంది, మొక్క మాత్రం రాదు. వేరు పుట్టించడానికి ఆక్సిన్ చాలింది. కాండం రావాలంటే మొగ్గ కావాలి, అది ఆకు కాడలో లేదు. కణుపు దగ్గర కాండంలోనే ఉండిపోయింది.

అంటు కోసుకున్నాక తల్లిమొక్క మీద మిగిలిన మోడుని చూసి బాధపడక్కర్లేదు. పైనుంచి దిగే ఆక్సినే అన్నాళ్లూ కింది మొగ్గల్ని నిద్రలో ఉంచింది. అది ఆగిపోయింది కాబట్టి, కొన్నిసార్లు మూట విప్పకముందే, కోత కింది కణుపుల్లోంచి చిగుళ్లు తోసుకొస్తాయి. ఒక కొమ్మ ఉన్నచోట రెండు మూడు వస్తాయి. వాటిలో గట్టిపడిన వాటికి వచ్చే వానాకాలంలో మళ్లీ మూటలు కట్టుకోవచ్చు.