పొత్తు కొసన గింజలు ఎందుకుండవు?

బెంగళూరు హెబ్బాళలో మా వీధి మలుపున బొగ్గుల మీద కాల్చిన మొక్కజొన్న పొత్తు కొరుకుతూ పక్కింటి కర్నూలు కుర్రాడు అడిగాడు: "అన్నా, మొదట్లో గింజలు నిండుగా ఉండి కొసన బోసిగా ఉందేంటి? మందు సరిగ్గా కొట్టలేదా?" మందుకూ దీనికీ సంబంధం లేదు. చిక్కబళ్లాపురం వైపు వానాధారపు చేలో అయితే, పూత వేళకు వాన మొహం చాటేసి ఉంటుందని మొదటి అనుమానం.

బెట్టకు ఆకులు చుట్టుకోవడం, పత్రరంధ్రాలు మూసుకోవడం, సి4 కిరణజన్య సంయోగక్రియ ఇవన్నీ పాఠ్యపుస్తకాల్లో ఉన్నవే, వదిలేద్దాం. నాకు మోజంతా పీచు మీదే.

విసుక్కుంటూ పీకి పారేసే ఆ పీచులో ఒక్కో పోగు ఒక్కో గింజది. లేత పొత్తు దొరికితే పొరలు మెల్లగా విప్పి చూడండి, ప్రతి గింజ నెత్తి నుంచీ ఒక పోగు బయల్దేరి కొస దాకా పోతుంది. మొక్క తల మీది మగపూత నుంచి రాలిన పుప్పొడి రేణువు ఆ పోగుకు అంటుకుని, లోపల సన్నని నాళం పెంచుకుంటూ సుమారు ఒక రోజులో అండాన్ని చేరాలి. చేరితేనే గింజ. బడిలో మాకు 'పరపరాగ సంపర్కం, ఉదాహరణ మొక్కజొన్న' అని రాయించి వదిలేశారు. ఒక్క పొత్తు వలిచి చూపిస్తే ఏం పోయేది?

పోగు సాగేది కణాల్లోని నీటి ఒత్తిడితో. తేమ ఉంటే రోజుకు రెండు మూడు సెంటీమీటర్లు పెరుగుతుంది, నేల ఎండితే నత్తనడకే. మగపూత మాత్రం దాదాపు టైముకే విచ్చుకుని వారం రోజుల్లో పుప్పొడి రాల్చేస్తుంది. సంక్రాంతికి మెజెస్టిక్ బస్టాండు నుంచి ఊరెళ్లే బస్సు అనుకోండి. ట్రాఫిక్‌లో ఇరుక్కున్నవాళ్ల కోసం అది ఆగదు. పొత్తు మొదట్లోని పోగులు ముందు బయటపడతాయి గనక వాటికి సీటు దొరుకుతుంది. కొసవి చేరేసరికి బస్సు వెళ్లిపోయి ఉంటుంది. పక్క చేను ఆలస్యంగా విత్తినదైతే ఇంకో బస్సు ఉన్నట్టే. ఎక్కాక దారిలో దిగిపోయేవీ ఉన్నాయి: ఫలదీకరణ జరిగినా చక్కెర అందక కొస గింజలు ముడుచుకుపోతాయి.

బస్సు తప్పిన పోగుకు మరో తిప్పలు. పుప్పొడి అందిన పోగు కొద్ది రోజుల్లోనే మొదలు దగ్గర తెగిపోయి దారి మూసేస్తుంది. అందనిది పచ్చిగానే ఉండి, కాటుక తెగులు తెచ్చే ఉస్టిలాగో మేయిడిస్ శిలీంధ్రాన్ని అండాశయం దాకా పోనిస్తుంది. అఫ్లాటాక్సిన్ విషం తయారుచేసే ఆస్పర్జిల్లస్ ఫ్లేవస్ కూడా పీచు మీదుగా గింజల్లోకి దిగుతుంది, బెట్టకు వేడి తోడైతే దానికి పండగే.

కరువొస్తే మా సీమలో కప్పలకు పెళ్లి చేస్తారు. ఆ ముహూర్తమైనా చేను పూత దశ చూసుకుని పెట్టరు! బోరులో మిగిలినవి ఒక్క తడికి సరిపడా నీళ్లే అయితే, అది పూతకే ఇవ్వాలి.

మెక్సికోలోని సిమిట్ పరిశోధన కేంద్రం వాళ్లు 1970ల్లో టుక్స్‌పెన్యో సెకియా అనే మొక్కజొన్నను పట్టుకున్నారు. వానలు లేని కాలంలో పెంచి, పూత వేళ కావాలనే తడి ఆపి, మగపూతకూ పీచుకూ మధ్య రోజుల ఎడం తక్కువున్న కుటుంబాలను తరం తర్వాత తరం ఏరుతూ పోయారు. ఎనిమిది విడతలయ్యాక బెట్టలో దిగుబడి పెరిగింది. వేర్లు బలపడ్డాయేమోనని చూస్తే, పై అర మీటరు మట్టిలో అవి మునుపటికన్నా తగ్గాయి. మగపూత కూడా చిన్నదైంది. మొక్క నీళ్లేమీ ఎక్కువ తాగలేదు, ఉన్న తిండిలోనే ఎక్కువ వాటా పూత వేళ లేత పొత్తుకు పెట్టింది.