కండరాల చెరువు, లాక్టిక్ ఆమ్లపు అలుగు

జిమ్‌లో చేరిన మూడో రోజున గోడ పట్టుకుంటే తప్ప మెట్లు దిగలేకపోయిన ఒక పాఠకుడు, కాళ్లలో లాక్టిక్ ఆమ్లం పేరుకుందని శిక్షకుడు చెప్పగా విని, ఇది ముదిరి, రక్తంలో ఆమ్లం పెరిగిపోయే ప్రాణాంతకమైన లాక్టిక్ అసిడోసిస్‌గా మారుతుందేమో, వ్యాయామం మానేయాలా అని అడిగారు. మానవలసిన పని లేదు. ఆ రోజు పుట్టిన లాక్టిక్ ఆమ్లం సుమారు గంటలోనే ఖర్చయిపోయింది. ఇప్పుడున్న నొప్పి, అలవాటు లేని శ్రమకు కండరపు పోగుల్లో ఏర్పడిన సూక్ష్మ గాయాలది. లాక్టిక్ ఆమ్లమంటే అలసటను తెచ్చే వ్యర్థమని బడిలో ఒక్క ముక్కలో చెప్పి వదిలేయడం వల్లే ఈ భయం ఇంకా బతికి ఉందని నా అభిప్రాయం.

అసలు సంగతి గొలుసుకట్టు చెరువులను చూసినవారికి సులువుగా అర్థమవుతుంది. పై చెరువు నిండితే అలుగు పారుతుంది, ఆ నీరు కింది చెరువుకు చేరుతుంది. కణంలో గ్లూకోజు విరిగి పైరువేటు అవుతుంది. మన చెరువు అదే. దానికి పైరువేట్ డీహైడ్రోజినేజ్ అనే ఎంజైము తూము. ఆ తూము దాటిన పైరువేటు మైటోకాండ్రియా అనే పొలానికి చేరి, ఆక్సిజన్ తోడుతో శక్తిగా పండుతుంది. కదిలిపోతున్న బస్సు కోసం పరుగెత్తినప్పుడు గ్లూకోజు కుండపోతగా విరుగుతుంది, తూముకు అంత నీరు పట్టదు, మిగులు లాక్టేటుగా, అంటే ఒంట్లో లాక్టిక్ ఆమ్లం ఉండే రూపంగా మారి రక్తంలోకి అలుగు పారుతుంది. ఆ అలుగే లేకపోతే గ్లూకోజు విరగడానికి కావలసిన ఎన్‌ఏడీ అనే పదార్థం అడుగంటి, పరుగు అక్కడే ఆగిపోతుంది. పారిన నీరు కూడా వృథా కాదు. గుండె దానిని ఇంధనంగా కాల్చుకుంటుంది. కింది చెరువైన కాలేయం మళ్లీ గ్లూకోజుగా మార్చి కండరానికి తిప్పి పంపుతుంది. ఈ రెండో దారికి, 1947లో నోబెల్ బహుమతి అందుకున్న కార్ల్, గెర్టీ కోరీ దంపతుల పేరు మీదే కోరీ చక్రమని పేరు. విశ్రాంతిలో లీటరు రక్తానికి 2 మిల్లీమోల్‌ల లోపు ఉండే లాక్టేటు, శక్తికొద్దీ పరుగెత్తినవారిలో 15 దాటి కూడా తిరిగి దిగివస్తుంది. క్రమం తప్పని వ్యాయామం మైటోకాండ్రియాలను పెంచుతుంది, అంటే ఆయకట్టునే పెంచుతుంది.

ప్రమాదమంతా లాక్టేటు 4, 5 దాటి దిగిరాకుండా, రక్తపు పీహెచ్ 7.35 కంటే పడిపోయినప్పుడే. ఆసుపత్రుల్లో దీనికి ఎక్కువగా కారణమయ్యేవి రక్తంలోకి పాకిన ఇన్‌ఫెక్షన్లు, రక్తపోటు కుప్పకూలే షాక్. వాటికి తక్షణ వైద్యమే శరణ్యం. మన అలవాట్ల చేతిలో ఉన్నది తూము, కింది చెరువు.

తూము తెరుచుకోవాలంటే థయమిన్, అంటే విటమిన్ బి1 కావాలి. శరీరంలో దాని నిల్వ 30 మిల్లీగ్రాములకు మించదు, కొద్ది వారాల్లో అయిపోతుంది. అది కరువై వచ్చే బెరిబెరి తీవ్రమైతే గుండె కుప్పకూలి, లాక్టిక్ అసిడోసిస్ తోడవుతుంది. ఆ జబ్బు ఒకప్పుడు మన ఉత్తర సర్కారు జిల్లాలను పట్టి పీడించింది; 1835లోనే మాల్కమ్‌సన్ అనే వైద్యుడు దానిపై మద్రాసులో ఒక గ్రంథం ప్రచురించాడు. పచ్చి బియ్యం బాగా పాలిష్ పట్టి తినేవారికి వచ్చిన ఈ జబ్బు ఉప్పుడు బియ్యం తినేవారి జోలికి పెద్దగా రాలేదు, ఎందుకంటే వడ్లను నానబెట్టి ఉడికించినప్పుడు తవుడులోని థయమిన్ గింజ లోపలికి ఇంకుతుంది. ఇవాళ కూడా మల్లెపూవులాంటి బియ్యాన్ని మూడు నాలుగు సార్లు పిసికి కడిగితే, తెల్లగా దిగే ఆ కడుగుతో పాటు మిగిలిన కాస్త థయమిన్ కుడితి తొట్టిలోకి పోతుంది. గంజి వార్చి పారబోస్తే ఇంకొంత. తక్కువ పాలిష్ బియ్యం, ఒక్కసారి కడగడం, పప్పులు, వేరుశనగలు చాలు, తూముకు తుప్పు పట్టదు.

మద్యం రెండు వైపులా దెబ్బ తీస్తుంది. థయమిన్‌ను పేగు పీల్చుకోనివ్వదు. పైగా మద్యాన్ని విరిచే పనిలో కాలేయంలోని ఎన్‌ఏడీ చాలావరకు ఎన్‌ఏడీహెచ్ అనే మరో రూపానికి మారిపోవడంతో, లాక్టేటును వెనక్కి తిప్పవలసిన కాలేయమే కొత్తగా లాక్టేటు తయారుచేస్తుంది. సరిగా తినకుండా తాగే మనిషి నీరసంగా ఉందని ఊళ్లో గ్లూకోజు సీసా ఎక్కించుకోవడం ఇక్కడ నిజంగా భయపడవలసిన నమ్మకం. తూము మూసుకున్న చెరువు మీద వాన కురిపించడమే అది. అలాంటివారికి డాక్టర్లు ముందు థయమిన్ ఇస్తారు.

షుగరు ఉన్నవారి మాట వేరే చెప్పాలి. మెట్‌ఫార్మిన్ షుగరును తగ్గించేది చాలావరకు కాలేయంలో గ్లూకోజు తయారీని తగ్గించడం ద్వారానే, అంటే కింది చెరువు నీరు తీసుకోవడం కొంత తగ్గుతుంది. మూత్రపిండాలు మందును ఎప్పటికప్పుడు బయటకు పంపుతున్నంత కాలం అది ప్రమాదం కాదు. ఈ మందు వల్ల అసిడోసిస్ రావడం చాలా అరుదు. అయితే వాంతులు, విరేచనాలు, వడదెబ్బతో ఒంట్లో నీరు ఇంకిపోతే మందు లోపలే పేరుకుంటుంది కనుక, ఏడాదికోసారి మూత్రపిండాల పనితీరు చెప్పే క్రియాటినిన్ పరీక్ష చేయించుకోవడంతో పాటు, అలాంటి రోజున మాత్ర వేసుకునే ముందు డాక్టరుకు ఫోన్ చేసి ఆపాలేమో అడగాలి.