వెండి రేకులో కరిగిన ఆకారాలు: ఆరిక్యులర్ శైలి నేపథ్యం

యూరప్‌లో అమూర్త రూపం 20వ శతాబ్దపు చిత్రకారులతోనే మొదలైందన్న అభిప్రాయం బలంగా ఉంది. ఆమ్‌స్టర్‌డామ్‌లోని రైక్స్ మ్యూజియంలో ఉన్న, ఆరిక్యులర్ శైలిలో చేసిన ఒక కూజాను చూస్తే ఆ అభిప్రాయం నిలవదు. ఉట్రెక్ట్ కంసాలి ఆడమ్ వాన్ వియానెన్ దాన్ని 1614లో ఒకే వెండి రేకును సాగగొట్టి తయారుచేసి, బంగారు పూత పూశాడు. అడుగున ఒక కోతి ముడుచుకుని కూర్చుని కూజాను మోస్తుంటుంది. అక్కడి నుంచి పైకి చూపు సాగేకొద్దీ ఏది చర్మపు మడతో, ఏది నీటి అలో, ఏది గవ్వ అంచో తేల్చి చెప్పలేం.

అంతకు రెండు తరాల ముందు, న్యూరెంబర్గ్‌లో వెంజెల్ యామ్‌నిట్జర్ నిజమైన బల్లుల నుంచి, గడ్డిపరకల నుంచి అచ్చులు తీసి వెండి పోత పోసేవాడు. ప్రకృతిని పొల్లుపోకుండా దింపడమే అక్కడ గొప్ప. ఆ గొప్పదనాన్ని వదులుకునే ధైర్యం ఆడమ్ తమ్ముడు పౌల్ పనిలో మొదట కనిపిస్తుంది. ఆయన 1603 నుంచి ప్రాగ్‌లో, గవ్వలూ వింత జీవుల అవశేషాలూ పోగుచేసిన చక్రవర్తి రెండవ రుడాల్ఫ్ కొలువులో పనిచేశాడు. 1613లో ఆయన చనిపోతే, ఆమ్‌స్టర్‌డామ్ కంసాలుల సంఘం ఆయన స్మృతికి చేయించినదే ఈ కూజా. వేరే ఊరి పనివాడికి ఒక వృత్తి సంఘం ఇంత గౌరవం ఇవ్వడం అరుదు.

చెవి తమ్మెను తలపించే మెత్తని వంపుల వల్ల ఈ శైలికి ఆరిక్యులర్ అన్న పేరు వచ్చింది. శరీర నిర్మాణ శాస్త్రం మీద అప్పటి ఆసక్తిని దీనికి కారణంగా చెబుతుంటారు. నా దృష్టిలో అంతకన్నా బలమైన కారణం సుత్తి. వెండిని కాల్చి మెత్తబరిచి, కొట్టి, మళ్లీ కాల్చే పనిలో లోహం దాదాపు మాంసంలా సాగుతుంది; ఆ సాగే గుణాన్ని దాచకుండా దాన్నే ఆకారంగా నిలబెట్టడం ఆడమ్ సాధించిన విషయం.

1650 ప్రాంతంలో ఆడమ్ కొడుకు క్రిస్టియాన్ తండ్రి నమూనాలను ముద్రణలోకి తెచ్చాడు. యోహన్నెస్ లుట్మా అదే శైలిని ఆమ్‌స్టర్‌డామ్‌లో కొనసాగించాడు. చెక్కతో చేసి బంగారు పూత పూసిన పటాల చట్రాల్లోకీ ఆ వంపులు చేరాయి. అయితే ఉలితో తొలిచిన చెక్కలో అవి అందంగానే ఉన్నా, సుత్తి దెబ్బకు ఒదిగిన లోహంలో ఉన్న అనివార్యత వాటిలో లేదు.