మ్యాచ్ ఆపితే ఆటగాళ్లు ఆగుతారా?

పిల్లలూ,

పాత కంప్యూటర్‌తో నేను ఇంట్లోనే ఒక వీడియో రికార్డర్ తయారుచేసుకున్నాను. మొన్న అందులో లైవ్ మ్యాచ్ చూస్తూ మా మనవరాలు పాజ్ నొక్కి మంచినీళ్లకు వెళ్లింది. వచ్చి ఆపిన చోటి నుంచే చూస్తూ, "తాతయ్యా, నేనొచ్చేదాకా వాళ్లు ఆగారా?" అంది.

ఆగలేదమ్మా. మాస్టారు బోర్డు మీద రాస్తూ, చెరుపుతూ పోతున్నారనుకోండి. సెకనుకు 25 సార్లు! మొదటి బెంచీ పిల్లాడు ఒక్క ముక్క వదలకుండా నోట్సు రాసుకుంటున్నాడు. మనం బోర్డు వదిలేసి వాడి నోట్సే చూస్తాం. మనం లేచి వెళ్లినా వాడి చెయ్యి ఆగదు. తిరిగొచ్చి వదిలిన పేజీ నుంచి చదువుకుంటాం, అప్పటికి వాడు పది పేజీలు ముందుంటాడు. ఆ నోట్సు హార్డ్ డిస్క్. వాడి కళ్లు టీవీ ట్యూనర్ కార్డు, అంటే టీవీ ప్రసారాన్ని కంప్యూటర్‌లోకి అందుకునే భాగం.

ఉన్నదున్నట్టు రాస్తే మాత్రం చిక్కే. 720 చుక్కల వెడల్పు, 576 ఎత్తు ఉన్న బొమ్మలకు గంటకు సుమారు 75 జీబీ కావాలి. అందుకని వాడు ఒక బొమ్మ పూర్తిగా రాసి, తర్వాతివాటికి "పైదే, బంతి మాత్రం జరిగింది" అని రాసుకుంటాడు. కాసేపటికి మళ్లీ ఒక పూర్తి బొమ్మ. ఈ పద్ధతుల్లో ఒకటైన ఎంపెగ్-2తో గంట కార్యక్రమం దాదాపు 2 జీబీల్లో సర్దుకుంటుంది. నేను మొదట కొన్న కార్డులో ఈ పని చేసే చిప్ లేదు. భారమంతా ప్రాసెసర్ మీద పడి, పెదాలు కదిలాక ఎప్పటికో మాట వినిపించేది. చిప్ ఉన్న కార్డు వేశాక కుదిరింది.

నోట్సు నిండితే పాత పేజీలు చెరుపుకుంటాడు. రాసి రాసి ఒళ్లు వేడెక్కితే విసరడానికి ఫ్యాను. ఏ క్లాసు ఎప్పుడో తెలియడానికి టైంటేబుల్, అంటే ప్రోగ్రాం గైడ్. "ఆ పిల్లాణ్ని ఇక ఇంటికి పంపండి" అంటోంది మీ అమ్మమ్మ.

మా చిన్నప్పుడు వీసీఆర్ ఉండేది, అంటే టీవీలో వచ్చేది క్యాసెట్ మీద రికార్డు చేసే యంత్రం. క్యాసెట్ వెనక చిన్న ప్లాస్టిక్ బిళ్ల విరిచేస్తే దాని మీద మళ్లీ రికార్డు కాదు. ఆ కంతకు సెల్లోటేపు అంటిస్తే అవుతుంది! అలా అంటించి మా పిన్ని పెళ్లి క్యాసెట్ మీద మ్యాచ్ ఎక్కించాను. అందరూ కూర్చుని చూస్తుంటే, పెళ్లికూతురు తల ఎత్తేలోపే బౌలర్ పరుగెత్తుకుంటూ వచ్చాడు. ఏదైనా చెరిపేముందు పెద్దవాళ్లను ఒక్కమాట అడగండి.

1999లో, లైవ్ టీవీని ఇలా ఆపి చూపించే టీవో అనే పెట్టె అమ్మకానికి వచ్చింది. 2002లో ఐజాక్ రిచర్డ్స్ అనే ఆయన కంప్యూటర్‌నే ఇలాంటి రికార్డర్‌గా మార్చే మిత్‌టీవీ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ మొదలుపెట్టాక, నాలాంటివాళ్లు ఇంట్లో పడున్న కంప్యూటర్ల దుమ్ము దులిపారు.

ఈసారి మా ఇంటికొస్తే లైట్లు ఆర్పి పాజ్ నొక్కండి. టీవీ వంక కాదు, కింద పెట్టె వంక చూడండి. ముందువైపు కందిగింజంత దీపం ఉంటుంది. పైన బౌలర్ గాల్లోనే నిలబడిపోయి ఉంటాడు. అది మాత్రం మిణుకుమిణుకుమంటూనే ఉంటుంది. చెవి ఆనిస్తే లోపల గరగరా రాస్తున్న చప్పుడు.

మీ తాతయ్య