‘ఏ పేపర్లో వచ్చింది?’

గాజువాకలో టీ కొట్టు దగ్గర ఎవరైనా ఒక వార్త చెబితే అది నిజమా అని అడగరు. ‘ఏ పేపర్లో వచ్చింది?’ అని అడుగుతారు. పేరు వినగానే అందులో ఎంత ఉంచుకోవాలో, ఎంత తీసెయ్యాలో ఎవరి లెక్క వాళ్లకుంటుంది. నాయకుల మాటకైతే ఆ లెక్క కూడా వెయ్యరు. విశాఖ వాళ్లకు రాజకీయాలు పట్టవని బయటివాళ్లు అంటుంటారు. 2019లో రాష్ట్రంలో 80 శాతం దాకా ఓట్లు పడితే విశాఖ లోక్‌సభ స్థానంలో 67 శాతం దగ్గరే ఆగిన మాట నిజం. అయినా పట్టనితనం అంటే నాకు ఒప్పుకోబుద్ధి కాదు. ఒకప్పుడు ఒక మాటను నమ్మి ప్రాణాలిచ్చిన ఊరిది. ఆ నమ్మకం ఎక్కడెక్కడ సడలిందో వెనక్కి వెళ్లి వెతికితే, ప్రతిచోటా ఒకటే కనబడుతుంది. మన సంగతి మనకే ఆఖర్న తెలియడం.

1965లో బ్రిటిష్, అమెరికన్ నిపుణుల బృందం దక్షిణాదిలో ఉక్కు కర్మాగారానికి విశాఖే అనువైన చోటని చెప్పింది. తర్వాత ఢిల్లీ వెనకడుగు వేస్తోందని తెలిసి 1966 అక్టోబరులో అమృతరావు విశాఖలో నిరాహార దీక్షకు కూర్చున్నారు. తెన్నేటి విశ్వనాథం ముందుండి నడిపారు. ‘విశాఖ ఉక్కు – ఆంధ్రుల హక్కు’ అన్న నినాదం పల్లెలకు కూడా పాకింది. రాష్ట్రావతరణ దినమైన నవంబరు 1న విశాఖలోనే పోలీసు కాల్పులు జరిగాయి. ఆ ఉద్యమంలో రాష్ట్రం మొత్తం మీద చనిపోయినవాళ్లు 32 మంది. పార్లమెంటులో ఇందిరా గాంధీ ఫ్యాక్టరీ ప్రకటన చేసింది 1970 ఏప్రిల్‌లో, శంకుస్థాపన 1971 జనవరిలో. ప్లాంట్‌ను జాతికి అంకితం చేసేసరికి 1992 వచ్చింది. ఒక పసివాడు పుట్టి, పెరిగి, ఉద్యోగానికి అప్లికేషన్ పెట్టుకునేంత కాలం.

ఆ ప్లాంట్ కోసం 64 ఊళ్లు లేచిపోయాయి. ఇంటికో ఉద్యోగం అన్న మాట మీద జనం భూములు వదులుకున్నారు. చేతికి నిర్వాసితులకిచ్చే ఆర్ కార్డు వచ్చింది, ఉద్యోగం మాత్రం అందరికీ రాలేదు. ఆ కార్డును పెట్టెలో దాచిన తండ్రి పోయి, కొడుకు దాన్ని పట్టుకుని తిరిగిన ఇళ్లు పెదగంట్యాడ వైపు ఇప్పటికీ ఉన్నాయి. ప్రభుత్వం మీద అపనమ్మకం గురించి ఎవరైనా రాయదలిస్తే ముందు ఆ ఇళ్లకే వెళ్లాలి.

పేపర్ల సంగతికొస్తే, 1974 దాకా విశాఖకు తెలుగు పేపరు పొద్దున్న వచ్చేది కాదు. విజయవాడలో అచ్చయి, రైలెక్కి, ఊళ్లోకి చేరేసరికి మధ్యాహ్నమయ్యేది. ఆ ఏడాది ఆగస్టు 10న ‘ఈనాడు’ ఇక్కడే మొదలై, తెల్లవారకముందే గుమ్మంలో పడింది. మన ఊరి వార్త మన ఊళ్లోనే అచ్చవడం ఆ తరానికి చిన్న సంగతి కాదు. మా పెద్దవాళ్లు పేపర్లో పడిందంటే ఇంక వాదన ఆపేసేవాళ్లు.

తర్వాత పేపరుకీ పార్టీకీ మధ్య గీత చెరిగింది. 1983 ఎన్నికల ముందు ‘ఈనాడు’ ఎన్టీఆర్‌కు బాహాటంగా అండగా నిలిచింది. 2008లో ‘సాక్షి’ ముఖ్యమంత్రి కొడుకు స్థాపించిన పేపరుగానే బయటికొచ్చింది. ఆ మధ్యలో న్యూస్ చానళ్లు వచ్చాయి. పార్టీల రంగులను బట్టి పాఠకుడి నోట్లో ‘ఎల్లో మీడియా’, ‘బ్లూ మీడియా’ అన్న మాటలు స్థిరపడ్డాయి. ప్రభుత్వాలూ ఊరుకోలేదు. ‘నిరాధార’ వార్తల మీద కేసులు పెట్టే అధికారాన్ని శాఖల కార్యదర్శులకు ఇస్తూ 2019లో జీవో 2430 వచ్చింది. ఎటు చూసినా నష్టపోయింది చదివేవాడే. ఒక్క వార్త తెలియాలంటే రెండు పేపర్లు కొనాలి, రెండూ చదివాక మధ్యలో ఏముందో తనే ఊహించుకోవాలి.

2014 ఫిబ్రవరి 18 మాత్రం ఏ రంగు పేపరు చదివేవాళ్లకైనా ఒకేలా గుర్తుంటుంది. లోక్‌సభలో విభజన బిల్లు ఆమోదం పొందే సమయానికి టీవీలో ప్రత్యక్ష ప్రసారం ఆగిపోయింది. సాంకేతిక లోపమన్నారు. మన రాష్ట్రం రెండుగా అవుతున్న గడియను మనం చూడలేకపోయాం. రెండు రోజులకు రాజ్యసభలో ప్రధాని మన్మోహన్ సింగ్ అయిదేళ్ల ప్రత్యేక హోదా ఇస్తామన్నారు. 2016 సెప్టెంబరులో హోదాకు బదులు ప్యాకేజీ అన్నారు. 2017 రిపబ్లిక్ డే నాడు హోదా కోసం ఆర్కే బీచ్‌కి రావాలని కుర్రాళ్లు పిలుపిస్తే, బీచ్ నిండా పోలీసులే కనబడ్డారు. అక్కడ చేరాలనుకున్నవాళ్లలో చాలామందికి అదే మొదటి నిరసన.

వీటన్నిటికంటే నన్ను ఎక్కువ బాధపెట్టేది 2020 మే 7. లాక్‌డౌన్ రోజులు, తెల్లవారుజాము, జనం నిద్రలో ఉన్నారు. ఆర్ఆర్ వెంకటాపురంలో ఎల్జీ పాలిమర్స్ ట్యాంకు నుంచి స్టైరిన్ అనే విష రసాయనం ఆవిరి ఇళ్లలోకి వచ్చింది. లేచి పరిగెత్తినవాళ్లు రోడ్డు మీదే పడిపోయారు. 12 మంది చనిపోయారు. సైరన్ మోగలేదు. కావలసిన పర్యావరణ అనుమతి తమకు లేదని అంతకు ఏడాది ముందే కంపెనీ ప్రమాణపత్రంలో ఒప్పుకున్న సంగతి మనుషులు పోయాక బయటపడింది. ఆ పక్కనే కాపురమున్నవాళ్లకు ఆ ట్యాంకులో ఏముందో, ఎప్పుడు ఏ దిక్కుకు పరిగెత్తాలో ఏనాడూ ఎవరూ చెప్పలేదు. ఆ రాత్రే మళ్లీ లీకయిందన్న మాట ఫోన్లలో పాకింది. రెండో లీకు లేదని పోలీసులు చెప్పినా జనం చంటిపిల్లలతో రోడ్ల మీదకొచ్చేశారు. పొద్దున్న ఒక్క కూత కూడా వినబడని చోట, రాత్రి చెప్పిన మాట ఎవరు నమ్ముతారు?

ఒకటి మాత్రం చెప్పాలి. ఆ ప్రమాదం మీద ప్రభుత్వం వేసిన హైపవర్ కమిటీ రెండు నెలల్లో నివేదిక ఇచ్చింది, దాన్ని అందరూ చదివేలా బయటపెట్టారు. సైరన్ సంగతితో సహా కంపెనీ లోపాలూ, అధికారుల లోపాలూ అందులో ఉన్నాయి. రంగులతో పని లేకుండా ఊరంతా నమ్మిన కాగితం ఈమధ్య కాలంలో అదొక్కటే అనుకుంటాను. విశాఖ భూ కుంభకోణం మీద 2017లో ఒక ప్రభుత్వం సిట్ వేసింది, 2019లో మరో ప్రభుత్వం ఇంకో సిట్ వేసింది. ఆ నివేదికలు మాత్రం జనం ముందుకు అలా రాలేదు. దాంతో ఎవరి పేర్లున్నాయో ఎవరికి తోచినట్టు వాళ్లు చెప్పుకున్నారు.

ఊళ్లో నిలదీద్దామంటే ఎవరిని? 2012లో విశాఖ నగరపాలక సంస్థ జీవీఎంసీ పాలకవర్గం గడువు ముగిస్తే మళ్లీ ఎన్నికలు జరిగింది 2021 మార్చిలో. తొమ్మిదేళ్లు వార్డుకు కార్పొరేటర్ లేడు. కుళాయి నీళ్ల గురించి అడగాలన్నా ఆఫీసుల చుట్టూ తిరగడమే. అదే 2021 ఆగస్టులో జీవోలను వెబ్‌సైట్‌లో పెట్టడం ఆపేశారు, మళ్లీ మొదలుపెట్టింది 2024లో, ప్రభుత్వం మారాకే. 2019 డిసెంబరులో విశాఖ పాలనా రాజధాని అవుతుందన్నారు. 2021 నవంబరులో అందుకోసం చేసిన చట్టాన్నే వెనక్కి తీసుకున్నారు. రుషికొండను తవ్వి కట్టిన భవనాలు పర్యాటకానికన్నారు, కానీ లోపల ఏముందో ఊరు చూసింది 2024 జూన్‌లో, ఎన్నికల ఫలితాల తర్వాత.

ఇక ఉక్కు. 2021 జనవరి 27న కేంద్ర మంత్రివర్గ సంఘం స్టీల్ ప్లాంట్‌లో ప్రభుత్వ వాటాను నూరు శాతం అమ్మడానికి సూత్రప్రాయంగా ఒప్పుకుంది. విశాఖకు ఆ సంగతి తెలిసింది వారం తర్వాత, ఫిబ్రవరి 3న, ఒక అధికారి ట్వీట్ ద్వారా. 32 ప్రాణాలతో వచ్చిన ఫ్యాక్టరీ అమ్మకం గురించి కార్మిక సంఘాలు ఫోన్‌లో చదువుకున్నాయి. కూర్మన్నపాలెంలో దీక్షా శిబిరం వెలిసి వెయ్యి రోజులు దాటినా కొనసాగింది. సొంత ఇనుప గనులు ఇవ్వకుండా నష్టాలెందుకని అడుగుతారేంటన్నది అక్కడి వాళ్ల ప్రశ్న. 2025 జనవరి 17న కేంద్రం 11,440 కోట్ల రూపాయల సాయం ప్రకటించింది.

ఆ మర్నాడు టీ కొట్టు దగ్గర, ప్లాంట్‌లో రిటైరైన పెద్దాయన ఒకాయన రెండు పేపర్లు నా ముందు పెట్టారు. ‘అమ్మకం మానేసినట్టు ఇందులో ఎక్కడుందో చూసి సెప్పు బాబూ, కళ్లజోడు ఇంట్లో మర్చిపోయాను’ అన్నారు. రెండూ మొదటి నుంచి చివరి దాకా చదివాను. ఎక్కడా లేదు.