ఓడ దిగే ఆ ఒక్క రోజు: కరీబియన్ క్రూజ్‌పై అపోహలు - వాస్తవాలు

తొమ్మిదేళ్లు క్రూజ్ ఓడల్లో షోర్ ఎక్స్‌కర్షన్ డెస్క్‌లో పనిచేశాను. ఓడ దీవిలో ఆగిన రోజు ఎక్కడికెళ్లాలి, ఎలా వెళ్లాలి, ఎన్నింటికి తిరిగి రావాలి అని చెప్పే డెస్క్ అది. థాంక్స్‌గివింగ్, క్రిస్మస్ సెలవుల్లో అమెరికాలోని మన కుటుంబాలు, ఇండియా నుంచి వచ్చిన అమ్మానాన్నలను వెంటబెట్టుకుని చాలామంది వస్తారు. "మీరు తెలుగువాళ్లాండీ?" అని మొదలుపెట్టి వాళ్లు అడిగేవి దాదాపు ఒకే ప్రశ్నలు. అందుకే ఇది రాస్తున్నాను.

అపోహ: "ఓడ ఉదయం 8 నుంచి సాయంత్రం 5 దాకా ఉంటుంది. అంటే తొమ్మిది గంటలు మనవే."

సెయింట్ మార్టెన్ దీవిలోని ఫిలిప్స్‌బర్గ్ రేవు లెక్క చూద్దాం. 8కి ఓడ ఆగినా అధికారుల క్లియరెన్స్ వచ్చి, మెట్ల దగ్గర క్యూ కదిలి, మీరు నేల మీద కాలు పెట్టేసరికి 8:45 అవుతుంది. పెద్దవాళ్లు, పిల్లలు ఉంటే 9 అనుకోండి. 5కి బయల్దేరే ఓడలోకి కనీసం 4:30కల్లా అందరూ ఎక్కేయాలి. మధ్యలో టాక్సీల కోసం నిలబడే టైమ్ ఉంటుంది. సింప్సన్ బే దగ్గర పడవలు దాటడానికి రోజుకు కొన్నిసార్లు వంతెన ఎత్తుతారు, అప్పుడు రోడ్డు మీద బండ్లు బారులు తీరతాయి. ఇవన్నీ తీసేస్తే మీ చేతిలో మిగిలేది అయిదు గంటలు. దీవి మొత్తం 87 చదరపు కిలోమీటర్లే కదా, చుట్టేసి వద్దాం అనుకుంటారు. వద్దండీ. ఒక చోటు ఎంచుకుని అక్కడే హాయిగా గడపండి.

అపోహ: "టైమ్ ఫోన్లో చూసుకుంటే చాలు. అయిదు నిమిషాలు లేటైనా ఓడ ఆగుతుందిలే."

నన్ను బాగా బాధపెట్టిన అపోహ ఇది. ఓడకు సొంత టైమ్ ఉంటుంది, ఫోన్ మాత్రం దీవి టైమ్‌కి దానంతటదే మారిపోతుంది. మెక్సికోకు చెందిన కోజుమెల్ దీవిలో ఏడాది పొడుగునా ఒకటే టైమ్. వేసవిలో ఫ్లోరిడా గడియారం దానికంటే గంట ముందుంటుంది. ఫ్లోరిడా నుంచి వచ్చిన ఓడ ఆ టైమే పాటిస్తుంటే, ఓడలో 4:30 అయినప్పుడు మీ ఫోన్లో 3:30 ఉంటుంది.

ఒక జూలైలో ఇలాగే ఒక తెలుగు కుటుంబం మోసపోయింది. అయిదింటికి తాళ్లు విప్పేశారు. నేను డెక్ మీద ఉన్నాను. ఓడకీ గట్టుకీ మధ్య నీళ్లు వెడల్పవుతున్నాయి. అప్పుడు కనిపించారు, అటు చివర నుంచి పరిగెత్తుతూ. పెద్దావిడ ఒక చేత్తో చీర కుచ్చిళ్లు, ఇంకో చేత్తో మనవడి చెయ్యి పట్టుకుని వస్తోంది. ఎవరూ ఏమీ చేయలేని పరిస్థితి. ఓడను రేవు దాటించే పైలట్, రేవు ఫీజు, రేపటి ఊరి టైమ్, అన్నీ ముడిపడి ఉంటాయి. వాళ్ల క్యాబిన్ సేఫ్‌లోంచి పాస్‌పోర్టులు తీసి, రేవులో ఓడ కంపెనీ తరఫున పనులు చూసే పోర్ట్ ఏజెంట్‌కి ముందే అప్పగించాం కాబట్టి వాళ్లు విమానంలో ఫ్లోరిడా చేరగలిగారు. ఖర్చంతా వాళ్లదే.

ఓడ వాళ్ల టూర్‌లో వెళ్లినవాళ్ల బస్సు లేటైతే ఓడ ఆగుతుంది, ఆగలేకపోతే వాళ్లను తర్వాతి ఊరికి చేర్చే బాధ్యత తీసుకుంటుంది. బయట మాట్లాడుకున్న టాక్సీకి ఆ భరోసా లేదు. దిగే ముందు ఓడలోని గడియారం చూసి, చేతి గడియారాన్ని ఆ టైమ్‌కి పెట్టుకోండి. పోర్ట్ ఏజెంట్ నంబర్ రోజూ ఇచ్చే కాగితంలోనో యాప్‌లోనో ఉంటుంది. దాన్ని ఫోటో తీసుకోండి.

అపోహ: "వీసా స్టాంప్ అయిపోయినా పర్లేదు, కెనడా వెళ్లొచ్చినట్టే."

హెచ్1బి వాళ్లు ఇది రెండుసార్లు చదవండి. స్టాంప్ గడువు దాటినా, ఐ-94 (అమెరికాలో ఎప్పటిదాకా ఉండొచ్చో చెప్పే రికార్డు) చెల్లుబాటులో ఉంటే 30 రోజుల్లోపు వెళ్లి తిరిగి రావచ్చన్న వెసులుబాటు ఉన్న మాట నిజమే. కానీ హెచ్1బికి అది కెనడా, మెక్సికోలకే వర్తిస్తుంది. కరీబియన్ దీవులకు కూడా వర్తించేది ఎఫ్, జె వీసాల మీద ఉన్న విద్యార్థులకు, ఎక్స్‌ఛేంజ్ వాళ్లకే, వాళ్లకీ క్యూబా మినహాయింపు. కోజుమెల్‌తో పాటు దారిలో బహామాస్ ఒక్కటి ఆగినా మీ లెక్క మారిపోతుంది. జనన ధ్రువపత్రంతో ఎక్కొచ్చన్న మాట అమెరికా పౌరులకు చెందింది, మనకు కాదు. టికెట్ కొనకముందే క్రూజ్ కంపెనీనీ, మీ ఇమిగ్రేషన్ లాయర్‌నీ అడగండి. రేవులో పెట్టెలతో నిలబడి, పిల్లలకు "మనం వెళ్లట్లేదు నాన్నా" అని చెప్పే పరిస్థితి ఎవరికీ రాకూడదు.

అపోహ: "మాహో బీచ్‌లో కంచె పట్టుకుని నిలబడితేనే మజా."

సెయింట్ మార్టెన్‌లో విమానాలు తలల మీదుగా దిగే బీచ్ ఇది. దిగే విమానం చూడముచ్చటగా ఉంటుంది. ప్రమాదమంతా ఎగరబోయే విమానంతోనే. దాని ఇంజన్ల గాలి నేరుగా రన్‌వే చివరి కంచె మీదకు కొడుతుంది. 2017లో న్యూజిలాండ్ నుంచి వచ్చిన ఒక మహిళ ఆ గాలికి పడిపోయి చనిపోయారు. ఇసుకలో, పక్కకు జరిగి నిలబడండి, ఫోటోలు అక్కడి నుంచీ బాగానే వస్తాయి. వాట్సాప్‌లో తిరిగే ఆ జంబో 747 కోసం మాత్రం ఎదురుచూడకండి, డచ్ విమాన సంస్థ కేఎల్ఎమ్ దాన్ని అక్కడికి నడపడం 2016లోనే ఆపేసింది.

అపోహ: "డ్యూటీ ఫ్రీ కాబట్టి బంగారం చవక."

ఫిలిప్స్‌బర్గ్ ఫ్రంట్ స్ట్రీట్‌లో నగల షాపులు చాలావరకు సింధీ కుటుంబాలవి, హిందీలో బేరమాడొచ్చు. కానీ అక్కడ ఎక్కువగా అమ్మేది 14 క్యారెట్. అంటే నూటికి 58.5 పాళ్లే బంగారం. మనం ఇంట్లో పెట్టుకునేది 916, అంటే 22 క్యారెట్. ఆ రెండింటి ధరలు పక్కపక్కన పెట్టి పోల్చకండి.

అపోహ: "బీచ్‌కి ఏ బట్టలైనా ఓకే."

బార్బడోస్, సెయింట్ లూసియా, జమైకా వంటి దీవుల్లో సైనికుల బట్టల్లాంటి మచ్చల డిజైన్ మామూలు మనుషులు వేసుకోవడం చట్టవిరుద్ధం. చిన్నపిల్లల నిక్కర్లకైనా అదే రూలు. సర్దేటప్పుడే పక్కన పెట్టేయండి.

అపోహ: "శాకాహారులకు ఒడ్డున ఏమీ దొరకదు, బఫేలోంచి పట్టుకెళ్దాం."

పండ్లు, వండిన పదార్థాలు ఓడ నుంచి దించనివ్వరు. మొక్కల తెగుళ్లు వస్తాయన్న భయంతో పెట్టిన వ్యవసాయ చట్టం అది. సీల్ తీయని బిస్కెట్ ప్యాకెట్లకు సాధారణంగా అభ్యంతరం ఉండదు. ఎన్నో దీవుల్లో రోటీ షాపులుంటాయి. 1845 నుంచి ట్రినిడాడ్‌కు కూలీలుగా వెళ్లిన భారతీయుల వంట అది. మద్రాసు రేవు నుంచి ఓడలెక్కినవాళ్లలో మన తెలుగువాళ్లూ ఉన్నారు. "దాల్‌పురి విత్ చన్నా అండ్ పొటాటో" అని అడగండి. పలచటి రొట్టె పొరల మధ్య పప్పు పొడి పెట్టి కాలుస్తారు, చూడ్డానికి తీపి లేని బొబ్బట్టులా ఉంటుంది. లోపల శనగలు, బంగాళాదుంప కూర వేసి పొట్లంలా మడిచి ఇస్తారు. మాంసం కూర గరిటె మీ దాంట్లో పెట్టొద్దని ముందే చెప్పండి. పెప్పర్ సాస్ మాత్రం వేలి కొసకు అంటించుకుని రుచి చూశాకే వేయించుకోండి. స్కాచ్ బోనెట్ మిరపతో చేస్తారు, గుంటూరు మిర్చి కంటే చాలా ఘాటు.